పేరు కొట్టిన రికార్డు

టాటానగర్‌లో సీతారాండేరా పేటకు వచ్చి తెలుగువాళ్ళ వంటిళ్ళకు వెళితే, గిన్నెల మీద కనిపించే పేర్లలో సగం గణపతిరావు కొట్టినవే. పెళ్ళికి ఇచ్చిన బిందె మీద, సీమంతానికి ఇచ్చిన చెంబు మీద, గృహప్రవేశానికి ఇచ్చిన పళ్ళెం మీద, ఇచ్చినవాళ్ళ పేరు, కింద తేదీ. నలభై ఏళ్ళు కొట్టాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. వీధిగదిలో పీట మీద కూర్చుని, ఒళ్ళో గోనెపట్టా వేసుకుని, గిన్నెను మోకాళ్ళ మధ్య బిగించి పట్టేవాడు. చేతిలో కరెంటు కలం గుర్రుమనేది. అక్షరాలు ఒకే ఎత్తులో, గుండ్రంగా, వరసలో పడేవి. ముందు సుద్దతో గీసుకుని దాని మీద కొట్టడం ఆయనకు నామోషీ.

ఇప్పుడు ఆ అక్షరాలు చదివేవాళ్ళు తగ్గిపోయారు. మనవరాలు దేవిశ్రీ అన్నం తింటూ కంచం అంచు మీద వేలు పెట్టి, "తాతా, యే క్యా లిఖా హై?" అంటుంది. ఆయన చదివి చెప్తాడు. రెండు రోజులు పోయాక అదే కంచం, అదే ప్రశ్న.

ఉద్యోగమూ అదే. ఉక్కు కర్మాగారంలో టూల్ రూమ్. కొత్తగా వచ్చిన పానా అయినా సుత్తి అయినా ముందు ఆయన బల్ల మీదికి వచ్చేది. నంబరు పడ్డాకే షాపులోకి వెళ్ళేది. నంబరు లేని పనిముట్టు గేటు దగ్గర దొరికితే అది దొంగసొత్తు. దాన్ని పట్టుకున్నవాడు దొంగ. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ బల్ల దగ్గరే కూర్చున్నాడు. పేరు లేని వస్తువు చూస్తే ఆయన చెయ్యి ఊరుకునేది కాదు. ఇంట్లో సైకిలు, గొడుగు పిడి, టిఫిను డబ్బా, కళ్ళజోడు పెట్టె, అన్నిటి మీదా గణపతిరావు అని ఉంటుంది.

"నా వీపొక్కటే మిగిలిపోనాది" అని పెళ్ళయిన కొత్తలో భార్య సరస్వతమ్మ అన్నది. "అక్కడ కూడా కొట్టీండి, తప్పిపోతే ఎవులైనా తెచ్చి అప్పజెప్తారు."

ఆయన నవ్వలేదు. ఆయనకు ఆ మాట సబబుగానే తోచింది.

చిన్న రికార్డుల సంగతి పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో మొదలయింది. సైకిలు సీటుకు స్ప్రింగు కోసం జుగ్సలాయ్‌లో పాత సామాన్లు కొని అమ్మే కబాడీ దుకాణానికి వెళ్ళాడు. పాత పేపర్ల కట్టల కింద అరచేతి కంటే కొంచెం పెద్దవి, నల్లటి రికార్డులు కనిపించాయి. ఒక్కో పక్క ఒక్కో పాట. ఇంగ్లీషు పాటలు. బిష్టుపూర్‌లో ఏదో బంగళా ఖాళీ చేస్తూ సీసాలతో, పత్రికలతో కలిపి అమ్మేశారట. కబాడీవాడు వాటిని కూడా పేపర్లతో పాటు తూకం వేశాడు.

ఆ పాటలు గణపతిరావు వినకపోలేదు. కుర్రతనంలో శనివారం సాయంత్రాలు కంపెనీ పెద్ద ఉద్యోగుల క్లబ్బు వెనక గోడ పక్కన నిలబడి విన్నాడు. లోపల బూట్ల చప్పుడు, నవ్వులు, పాట. ఒక్క మాట అర్థమయ్యేది కాదు. అర్థం కావాలని ఆయన నిలబడలేదు. గోడ అవతల ఏమున్నదో దాని చప్పుడు మాత్రం ఇవతలికి వచ్చేది, దాన్ని ఎవరూ ఆపలేకపోయేవారు, అందుకు నిలబడ్డాడు. ఇప్పుడా గోడ అవతలిది తూకానికి దొరుకుతోంది. పదకొండు కొన్నాడు.

ఇంటికి తెచ్చి, రాత్రి తుడిచి, పొద్దున్నే వాటి మీద పేరు కొట్టాడు. రికార్డు మీద పాట గీతలు అయిపోయాక, నడిమి కాగితం బిళ్ళ మొదలయ్యేలోగా, వేలు పట్టేంత నున్నటి జాగా ఉంటుంది. పాట అయ్యాక ముల్లు వచ్చి తిరిగే చోటు. అక్కడ ఏమీ ఉండదు. ఆ జాగాను అలా ఖాళీగా వదలడం ఆయనకు వింతగా తోచింది. గణపతిరావు, తేదీ. ఉక్కు కంటే మెత్తగా ఉంది. చెయ్యి తేలిగ్గా పట్టుకోవాలి, అంతే తేడా.

రికార్డులు ఉన్నాయి గాని వాయించే పెట్టె లేదు. అది హరిప్రసాద్ దగ్గర ఉంది.

హరిప్రసాద్ రోలింగ్ మిల్లులో క్రేను నడిపేవాడు. పర్లాకిమిడి నుంచి వచ్చిన కుటుంబం. తల్లితో ఒరియా, భార్యతో తెలుగు, మిల్లులో హిందీ. అగ్రికోలో కంపెనీ క్వార్టరు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు అతను గిటారు వాయించాడు. నలుగురు కుర్రాళ్ళు కలిసి శనివారాలు క్లబ్బులో వాయించేవాళ్ళు. గణపతిరావు గోడ ఇవతల నిలబడి విన్న శనివారాల్లో కొన్నిటిలో లోపల వాయించింది హరిప్రసాదే.

గణపతిరావు ఏడేళ్ళు ప్రతి ఆదివారం వెళ్ళాడు. గోనెసంచిలో రికార్డులు సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని సీతారాండేరా నుంచి అగ్రికోకు. హరిప్రసాద్ భార్య కాంతం టీ పెట్టేది. మొదటి రోజే ఆమె ఆయన్ని అన్నయ్యా అని పిలిచింది. అందుచేత హరిప్రసాద్ ఆయనకు బావ అయ్యాడు, ఆయన హరిప్రసాద్‌కు బావ అయ్యాడు. వరసలు అలా కుదిరాయి.

హరిప్రసాద్ రికార్డు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టేవాడు. గీతలు చూసే ముందు పేరు చూసేవాడు.

"మళ్ళీ కొట్టీసేవా బావా. ఈ పాట పాడినోడికి తెలిస్తే ఏటంతాడు?"

"ఆడి పేరు కాగితం మీదే గదా ఉంది. చిరిగిపోద్ది. నాది చిరగదు."

"ఇది పాట బావా, పానా కాదు."

"ఏదైతేనేటి. గేటు దగ్గర ఆపితే చూపించాల గదా."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఈ మాటలు దాదాపు ప్రతి ఆదివారం ఇలాగే నడిచేవి.

కాంతానికి సొంత అన్న ఒకడున్నాడు, వెంకటరావు. టాటానగర్ రైల్వే యార్డులో పని. డ్యూటీలు అటూ ఇటూ కావడం వల్ల చెల్లెలి ఇంటికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. మనిషి గట్టిగా మాట్లాడతాడు, చేతులు ఊరికే ఉంచుకోడు. ఒకసారి బావ ట్రాన్సిస్టరు చెప్పకుండా పట్టుకుపోయి, ఆర్నెల్లకు, "యార్డులో మ్యాచి కామెంట్రీ కోసం తీసుకెల్లేను, మర్సిపోనాను" అని తెచ్చిచ్చాడు. చెల్లెలి సీమంతానికి స్టీలు చెంబు కొని, దాని మీద పేరు కొట్టించడానికి సీతారాండేరాకు తనే వచ్చాడు.

"పెద్దగా కొట్టండి గురువుగారూ" అన్నాడు. "మా బావ కంటికి దూరం నుంచి కూడా అవుపడాల, ఇది ఎవులిచ్చేరో."

గణపతిరావు పెద్దగానే కొట్టాడు. కాంతానికి, అన్న వెంకటరావు.

హరిప్రసాద్ దగ్గర రికార్డులు ఎక్కువ లేవు. ఉన్నవాటిలో ఒకటి మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆ నలుగురు కుర్రాళ్ళూ చందాలు వేసుకుని కలకత్తా వెళ్ళి, ఒక స్టూడియోలో రెండు పాటలు పాడి వేయించిన రికార్డు అది. మూడు వందలు వేయించారు. కొన్ని స్నేహితులు కొన్నారు. మిగిలినవి పెట్టెల్లో నదీ తీరాన ఒకరి ఇంట్లో ఉండగా సువర్ణరేఖ పొంగి పోయాయి. ఆ నలుగురిలో ఒకడు గోవా వెళ్ళిపోయాడు, ఒకడు చనిపోయాడు, ఒకడు ఎక్కడున్నాడో తెలియదు. బిళ్ళ మీద నాలుగు పేర్లు చిన్న అక్షరాల్లో అచ్చయి ఉన్నాయి. నాలుగోది హెచ్. ప్రసాద్. మొదటి పక్క పాటలో మాటలు అయిపోయాక, చివర ముప్పై నలభై సెకన్లు గిటారు ఒక్కటే మోగుతుంది. అది హరిప్రసాద్ చెయ్యి. పాట ముగిసేచోట అది మోగుతూ మోగుతూ సన్నగిల్లిపోతుంది.

ఎందరివి విన్నా ఆ ముక్క దగ్గర గణపతిరావు టీ గ్లాసు కింద పెట్టేసి వినేవాడు. అది బాగుంది. బాగుండటమే కాదు, అది హరిప్రసాద్‌ది. తన దగ్గర అప్పటికి మూడు వందల పైన రికార్డులు ఉన్నాయి, అన్నిటి మీదా తన పేరు ఉంది. హరిప్రసాద్ పేరు ఒక్కదాని మీద ఉంది. ఆ రెంటికీ తేడా ఏమిటో గణపతిరావుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎనభై ఆరులో ఆయన సొంతంగా వాయించే పెట్టె కొన్నాడు. సెప్టెంబరులో ఒక ఆదివారం అడిగాడు. ఆ రికార్డు ఒక్కసారి మా ఇంట్లో వింటాను, సరస్వతికి కూడా వినిపిస్తాను అని.

హరిప్రసాద్ రికార్డును రెండు చేతులతో పట్టి ఇచ్చాడు. "ఒక్క వారం బావా. అదొక్కటే ఉంది."

ఆ వచ్చే ఆదివారం పద్నాలుగో తేదీ. బుధవారం పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ. కలం విప్పి శుభ్రం చేసి, నూనె వేసి, చేతికి సరిపోయిందో లేదో చూద్దామని కూర్చున్నాడు. పక్కన ఆ వారం కబాడీ దగ్గర కొన్న పద్దెనిమిది చిన్న రికార్డులు. ఒకటి తీసి, పేరు కొట్టి, ఇటు పెట్టి, ఇంకోటి తీసి. చెయ్యి తన దారిన తాను పోతోంది. దొంతరలో పంతొమ్మిదోది ఎలా కలిసిందో, ఎవరు పెట్టారో. గ అని పడ్డాక బిళ్ళ మీద నాలుగు పేర్లు కనిపించాయి.

కలం ఎత్తాడు. అది గుర్రుమంటూనే ఉంది.

ఒక్క అక్షరమే. అక్కడితో ఆపి ఉంటే, పట్టుకెళ్ళి చూపించి, చెయ్యి జారింది బావా అని ఉంటే, హరిప్రసాద్ ఒక రోజు తిట్టేవాడు. గణపతిరావుకు ఆ మాట ఆ క్షణంలోనే తెలుసు. కాని సగం పేరు పడిన వస్తువు పని నేర్చుకునేవాడి వస్తువు. టూల్ రూమ్‌లో సగం నంబరుతో ఏ పానా కూడా తన బల్ల దాటలేదు. ణ, ప, తి. చెయ్యి నెమ్మదిగా వెళ్ళింది. రా, వు. కింద తేదీ. కొట్టినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకోటి లేదు.

తరవాత ఆయన దాన్ని పొరపాటు అని పిలుచుకున్నాడు. మొదటి అక్షరం వరకు అది నిజం.

ఆ రోజు అగ్రికో వెళ్ళలేదు. ఆ పై ఆదివారం రికార్డు లేకుండా వెళ్ళాడు. హరిప్రసాద్‌కు మిల్లులో ఓవర్‌టైము పడింది, ఇంట్లో లేడు. ముందుగదిలో వెంకటరావు కూర్చుని ఉన్నాడు. కాంతం వంటింట్లో ఉంది. టీ తాగి వచ్చేశాడు. ఇంకో పది రోజులకు హరిప్రసాద్ అడిగాడు.

"ఆ ఆదివారమే తెచ్చేను గదా బావా. నువ్వు డ్యూటీకి ఎల్లేవు. పెట్టె మీద పెట్టీసి ఎల్లిపోనాను."

"పెట్టె మీద నేదే."

"ఏమో మరి. అప్పుడు ఎంకట్రావు ఉన్నాడు."

అంతే అన్నాడు. వెంకటరావు ఉన్నమాట నిజమే. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం కూడా లేదు.

హరిప్రసాద్ బావమరిదిని అడిగాడు. వెంకటరావు ముందు నవ్వాడు, తరవాత గట్టిగా అరిచాడు. ట్రాన్సిస్టరు మాట వచ్చింది. ఇంకా పాత మాటలు వచ్చాయి. నా గడప తొక్కకు అని హరిప్రసాద్ అన్నాడు. గణపతిరావు మాట మీద అతనికి అనుమానం రాలేదు. గొడుగు పిడి మీద కూడా పేరు కొట్టుకునే మనిషి ఇంకొకరి వస్తువు దగ్గర ఉంచుకుంటాడని ఎవరికి తోస్తుంది?

వెంకటరావు గడప తొక్కలేదు. అతను ఇచ్చిన గిన్నెలు చూస్తే భర్తకు కోపం వస్తోందని కాంతం వాటిని అటక మీద పెట్టేసింది. ఆమె అన్నను చూడాలంటే సాక్చి మార్కెట్లో చూసేది, కూరగాయల సంచితో, అయిదు నిమిషాలు. వెంకటరావు పోయి పదకొండేళ్ళయింది. కబురు వస్తే ఆమె ఒక్కతే వెళ్ళింది. పదో రోజుకూ ఒక్కతే వెళ్ళింది. ఇదంతా గణపతిరావుకు తెలుసు. సీతారాండేరాలో అన్నీ తెలుస్తాయి.

ఆయన అగ్రికో వెళ్ళడం తగ్గించాడు. ఇంట్లో పెట్టె ఉంది కదా అన్నాడు. ఆ రికార్డును పాత పేపరులో చుట్టి ఆఖరి చెక్కపెట్టె అడుగున పెట్టాడు. ఒక్కసారి కూడా వెయ్యలేదు. కొనడం మానలేదు. క్లబ్బు పాతవి అమ్మేసినప్పుడు, హోటళ్ళు మూతపడినప్పుడు, పెద్ద బంగళాలు చేతులు మారినప్పుడు కబాడీలు ఆయనకు కబురు పెట్టేవారు. వెయ్యీ నూట ఎనభై దాకా అయ్యాయి. పాడినవాళ్ళ పేర్లు పలకడం రాక, ఏ ఇంటి నుంచి వచ్చాయో ఆ ఇంటి పేరుతో విడదీసి పెట్టుకున్నాడు.

"వెయ్యి పైన ఉన్నాయి" అనేది సరస్వతమ్మ వచ్చినవాళ్ళతో. "ఒక్క ముక్క ఈయనకి అర్తమైతే నా పేరు మార్చీండి. మడుసులు పడుకోడానికి జాగా నేదు గాని ఈటికి మట్టుకు పెట్టెలు."

ఈ ఏడు వానలు వెలిశాక కాంతం వచ్చింది. ఉద్యోగం అయిపోయాక క్వార్టరు ఖాళీ చేసి వాళ్ళు ఆదిత్యపూర్‌లో ఉంటున్నారు, ఖర్కాయి అవతల. రెండు ఆటోలు మారి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూనే అన్నది.

"సిక్కిపోనారు అన్నయ్యా. వదిన అన్నం ఎట్టడం నేదేటి?"

"ఎడతన్నాను" అన్నది సరస్వతమ్మ. "ఆ పెట్టెలే తింతన్నాయి."

కాంతం నవ్వి కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. గ్లాసు మీది పేరు అలవాటుగా చూసి కింద పెట్టింది.

"ఆయనికి ఎడం సెవి ఎప్పుడో పోనాది, మీకు తెలుసు గదా. కుడి సెవి కూడా పోతంది. మిల్లు సప్పుడు తినీసింది. మిసను పెట్టినా లాభం నేదంటన్నాడు డాక్టరు. సలికాలం ఎల్లీసరికి ఏటీ వినబడదంట."

గణపతిరావు ఆమె గ్లాసు మళ్ళీ నింపాడు.

"ఆ పాట ఒక్కసారి వినాలంట. ఆరు నెలల నుంచి అదే గోల. టీవీ వద్దు, ఫోను వద్దు. ఆ పాట. మనవలు ఫోన్లో ఎతికేరు, నేదు. మూడు వందలు ఏసేరట గదా అన్నయ్యా, ఎక్కడో ఒకటి ఉండకపోద్దా? మీకైతే కబాడీలందరూ తెలుసు."

"సూత్తాను."

"మా అన్న తీసేడో నేదో దేవుడికి తెలుసు" అన్నది ఆమె, ఆయన అడగకపోయినా. "సచ్చిపోనోడి మీద ఏటంతాం. తీసుంటే మాత్రం ఏటి, సెవి పోకముందు ఈయన ఒక్కసారి వింతే సాలు, నాకింకేటీ వద్దు. సూడండి అన్నయ్యా. మీరు తప్పితే నాకు ఎవులున్నారు."

ఆమె వెళ్ళాక ఆయన ఆఖరి పెట్టె ముందు కూర్చున్నాడు. పేపరు పసుపురంగు తిరిగి చిట్లింది. రికార్డు కొత్తదానిలా ఉంది. ఇవ్వాలి. ఇచ్చి తీరాలి. అందులో ఆయనకు సందేహం లేదు. జుగ్సలాయ్‌లో దొరికింది అంటే సరిపోతుంది, మూడు వందల్లో ఇంకోటి. అడ్డు ఉన్నది పేరొక్కటే. గణపతిరావు, 14-9-86. తేదీతో సహా.

ఉక్కు మీద నంబరు చెరపడం ఆయనకు తెలుసు. పానా ఒక షాపు నుంచి ఇంకో షాపుకు మారితే పాత నంబరు అరగదీసి, నున్నగా చేసి, కొత్త నంబరు కొట్టడమూ ఆయన పనే. అరగదీసిన చోటు ఇదని ఎవరూ చెప్పలేకపోయేవారు. కాగితం బిళ్ళకు, పాట గీతలకు ప్లాస్టరు అంటించాడు. సానపట్టే సన్నటి వాటర్ పేపరు సబ్బునీళ్ళలో తడిపి వేలితో రుద్దాడు. మొదటి రోజు తేదీ పలచబడింది. రెండో రోజు తేదీ పోయింది. పేరు పోలేదు. చాలా లోతుగా పడింది.

"ఏటి రుద్దుతన్నారు రెండ్రోజుల్నుంచి?" అన్నది సరస్వతమ్మ.

"మరక."

"మీ రికార్డులకి మరకేటి, ఇన్నాళ్ళకి నేనిది కొత్తగా ఇంతన్నాను."

మూడో రోజు చేతి గ్రైండరు తీశాడు. చిన్న రాయి బిగించాడు. ఉక్కు వేడెక్కితే రంగు మారి చెప్తుంది. ఇది చెప్పలేదు. మెత్తబడింది. రాయి ఒక్క క్షణం అందులో కూరుకుపోయి, విదిలించుకుని, ప్లాస్టరు మీదుగా బయటికి లంఘించింది. ఆయన వెంటనే ఎత్తాడు. ప్లాస్టరు తీసి చూస్తే, ఖాళీ జాగా నుంచి పాట గీతల్లోకి కొడవలిలా ఒక గాటు. పొడవు అంగుళం లేదు. పేరు మాత్రం పోయింది.

ముప్పై తొమ్మిదేళ్ళ తరవాత ఆ రోజు ఆ పాట వేశాడు. మాటలు అన్నీ వచ్చాయి. మాటలు అయిపోయి గిటారు మొదలయింది. రెండు, మూడు మీట్లు. ముల్లు గాటులో పడి, జారి, ఖాళీ జాగాలోకి వచ్చి తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ వేశాడు. అక్కడే. ముల్లు మీద పావలా బిళ్ళ బరువు పెట్టి వేశాడు. అక్కడే.

మర్నాడు పొద్దున్న పది గంటలకు ఆటోలో ఖర్కాయి వంతెన దాటాడు. ఒళ్ళో వాయించే పెట్టె, సంచిలో ఒక్క రికార్డు. హరిప్రసాద్ పెట్టె ఎప్పుడో పాడయింది. ఇవ్వకుండా ఉండిపోవచ్చునని దారిలో అనుకున్నాడు. దొరకలేదు అంటే కాంతం నమ్ముతుంది. ఆమె ఇన్నేళ్ళూ నమ్ముతూనే ఉంది. ఆ మాట తోచాకనే ఆటోవాడితో, తొందరగా పోనియ్ అన్నాడు.

హరిప్రసాద్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. బావను చూసి లేవబోయాడు. గుమ్మంలో గణపతిరావు చెప్పినదే కాంతం అతని కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. "దొరికిందంట. జుగ్సలాయ్‌లో." అతని మొహం మీద వచ్చిన దాన్ని గణపతిరావు చూడకుండా ప్లగ్గు వెతుక్కున్నాడు.

పెట్టెను బల్ల మీద పెట్టారు. హరిప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని, కుడి చెవిని స్పీకరుకు ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలయింది. గది చిన్నది, చప్పుడు ఎక్కువ పెట్టాడు గణపతిరావు, కిటికీ ఊచలు అదిరాయి. హరిప్రసాద్ పెదవులు మాటలతో పాటు కదిలాయి. ఒక్క మాట తప్పలేదు. మాటలు అయిపోతున్నాయి అనగా అతని ఎడమ చెయ్యి లేచి మోకాలి మీద నాలుగు వేళ్ళూ నాలుగు చోట్ల నొక్కి పెట్టింది. సిద్ధంగా ఉంది.

మూడు మీట్లు. ముల్లు జారింది.

వేళ్ళు అలాగే నొక్కి ఉన్నాయి. చాలాసేపు ఉన్నాయి. తన చెవే ఆగిపోయిందని అనుకున్నాడు కాబోలు, కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"వత్తందా, కాంతం?"

"నేదు" అన్నది ఆమె, చెవి దగ్గర. "ఆగిపోనాది."

అతను కళ్ళు తెరిచాడు. ముల్లు తనే ఎత్తాడు. రికార్డు తీసి, నలభై ఏళ్ళ కిందట చేసినట్టు, కిటికీ వెలుతురుకు పట్టాడు. బిళ్ళ మీద నాలుగో పేరు చూసుకున్నాడు. తరవాత బొటనవేలు ఖాళీ జాగా మీద పెట్టి చుట్టూ తిప్పాడు. ఒకచోట నునుపు తగ్గింది. కొంచెం పల్లం. వేలు ఆ పల్లం మొదలయిన చోటి నుంచి అయిపోయిన చోటి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఏడేళ్ళ ఆదివారాలు అతను ఆ జాగానే ముందు చూశాడు. బావ పేరు ఎంత పొడుగు ఉంటుందో అతనికి తెలుసు.

రికార్డును ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు.

"ఎందుకు సెరిపీసేవు బావా. నీ పేరుండగా తెచ్చుంటే పాటైనా ఉండీది గదా."

గణపతిరావు నోరు విప్పాడు. ఏమన్నా అతనికి వినబడాలంటే దగ్గరికి వెళ్ళి చెవిలో అరవాలి. లేవలేదు.

కాంతం ఇద్దరినీ చూసింది. భర్త ఒళ్ళో రికార్డు తీసుకుని తనూ వేలు పెట్టి చూసింది. ఆమెకు చదవడానికి అక్కడేమీ లేదు. అయినా కొంచెంసేపు చూసింది.

"అయితే మా అన్న" అన్నది. అక్కడితో ఆపేసింది.

లోపలికి వెళ్ళింది. స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది. అటక మీద గిన్నెలు కదిలాయి. కుళాయి తిప్పింది, కడిగింది, చాలాసేపు కడిగింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో స్టీలు చెంబు ఉంది, నిండా నీళ్ళు. అక్షరాలు ఉన్న పక్క గణపతిరావు వైపు తిప్పి బల్ల మీద పెట్టింది. పెద్ద అక్షరాలు. దూరం నుంచి కూడా కనిపిస్తాయి.

"తాగండి" అన్నది. అన్నయ్యా అనలేదు.

ఆయన చెంబు రెండు చేతులతో ఎత్తాడు. బొటనవేలి కింద వెంకటరావు అన్న పేరు గరుకుగా తగిలింది. నిండు చెంబు, నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. కొన్ని తాగి దించబోయాడు. కాంతం కదలలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది.